క్వారీ మంచం

మా ఊరి గుట్టను కోసి అమ్ముకున్న మనిషి కొడుకే ఆ గుట్ట పేరు మీద ప్రదర్శనశాల పెట్టాడని విన్నప్పుడు నాకు రోత పుట్టింది. ఒకప్పుడు కోహెడ రోడ్డు మీద బస్సు దిగితే కండ్లముందు గుట్ట ఉండేది. ఇప్పుడు అక్కడ ఆకాశం కనబడుతుంది. దగ్గరికి పోతే పెద్ద గొయ్యి, దాంట్లో నాచు పట్టిన నీళ్లు. తీయడానికి రాయి మిగలక క్వారీ మూతపడింది. మూతపడ్డ చాలా ఏండ్లకు, దాని ఆఫీసు షెడ్లకు రంగులు వేసి, ముందర పూలకుండీలు పెట్టి, చదవడానికే ఒక ఊపిరి సరిపోనంత పొడుగు పేరుతో బోర్డు తగిలించారు.

నా అంతట నేను ఆ గడప తొక్కేదాన్ని కాదు. మాకు సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ప్రదర్శనశాల పక్కనే పెట్టిన క్యాంటీనుకు పళ్లేలు, గ్లాసులు మా దగ్గరే ఆర్డరిచ్చారు. ఒక ఆదివారం సామాను దించడానికి పోతూ మా ఆయన నన్ను కూడా రమ్మన్నాడు. మీ ఊరే కదా, ఒకసారి చూసినట్టుంటుంది అన్నాడు. దుకాణం మీది గదుల్లో మాతోనే ఉండే మా అవ్వను కూడా అడిగాడు. నేను ఆమె కన్న ఒక్కతే బిడ్డను కాబట్టి అవ్వ నా దగ్గరే ఉంటుంది.

"నేను రాను. గా జాగ మొకం సూడ" అంది అవ్వ, చేతిలో చీపురు ఆపకుండానే.

మా బాపు ఆ క్వారీలో పని చేస్తూ చనిపోయాడు. అప్పటికి నాకు ఏడేండ్లు. ఆ సంగతి మా ఆయనకు తెలుసు. తెలిసినా, చనిపోవడం అనేది పాతబడితే వాసన పోతుందని అనుకునే రకం మనిషి ఆయన. చెడ్డవాడు కాదు, సంతోషపడటానికి తొందర ఎక్కువ, అంతే.

లోపల ఏసీ వేశారు. క్వారీలో ఏసీ! ఎండాకాలం ఆ బండల మీద కాలు పెడితే బొబ్బలెక్కేదని అవ్వ అరికాళ్లు ఇప్పటికీ చెబుతాయి. గోడ నిండా సుత్తెలు, ఉలులు, గడ్డపారలు. అన్నింటికీ వార్నిష్ కొట్టి, కొన్నింటికి వెండి రంగు పూసి, కింద చిన్న లైట్లు పెట్టారు. పెళ్లిళ్ల హాల్లో స్టేజీకి పెట్టే లైట్లు అవి. ఒక్క సుత్తె కర్రకైనా చెమట మరక లేదు. ఇవి పని చేసిన సుత్తెలేనా, బజారులో కొత్తవి కొని వేలాడదీశారా అని దగ్గరికి పోయి చూశాను. పని చేసినవే. మరకలను గీకి తీసేశారు.

నడుమ బొమ్మలు నిలబెట్టారు. బట్టల దుకాణాల్లో ప్యాంటు షర్టు తొడిగి నిలబెట్టే బొమ్మలే. వాటికి పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, రాయి కొట్టే కూలివాళ్లన్నారు. బుగ్గలు గులాబీ రంగు. కంకర కొడుతూ కూర్చున్న ఆడబొమ్మకు పెదాలకు లిప్‌స్టిక్, గోళ్లకు రంగు. మా అవ్వ కంకర కొట్టిన రోజుల్లో రాయి జారకుండా సైకిల్ ట్యూబు ముక్కను ఉంగరంలా చుట్టి పట్టుకునేది. వేళ్లకు గుడ్డపేలికలు కట్టుకునేది. ఆ బొమ్మ చేతిలో రాయిని బంతిపువ్వులా పట్టించారు. నాకు ఒళ్లు మండింది.

అన్నిటికంటే రోత పుట్టించింది ఒక గాజు సీసా. దాని నిండా తెల్లటి దుమ్ము. "శిలా చూర్ణం. మహిళలు ముగ్గులకు వాడేవారు" అని రాశారు. ఆ దుమ్ము పీల్చి పీల్చి మా వీధిలో ఎంతమంది మగవాళ్లు మంచానపడి, మెట్టు ఎక్కలేక, మాట పూర్తి చేయలేక పోయారో ఊరందరికీ తెలుసు. వాళ్లకు క్షయ అని చెప్పి దవాఖానల్లో ఏండ్లకు ఏండ్లు తప్పుడు మందులు మింగించారు. దాన్ని సీసాలో పోసి ముగ్గుపిండి అంటున్నారు. ఆ మాట రాసిన చేతిని పట్టుకొని ఆ సీసాలో ముంచాలనిపించింది.

ఒక గోడకు పెద్ద పటేలు ఫొటోలు. పెద్ద పటేలు అంటే క్వారీ నడిపిన కాంట్రాక్టరు. దండలు వేసుకుంటున్నవి, దండలు వేస్తున్నవి. వాటి మీద బంగారు రంగు అక్షరాల్లో "ఒక్క ప్రమాదం కూడా ఎరుగని క్వారీ" అని రాసుంది. నేను అక్కడ నిలబడి ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మా బాపు ఏమైనట్టు మరి? తప్పిపోయినట్టా?

"అగో, గిట్ల రా! గిది సూడు" అని మా ఆయన చివరి గదిలోంచి పిలిచాడు.

ఆ గదిలో ఒక పాత టేకు మంచం వేసి ఉంది. దానికి ఎరుపు, ఆకుపచ్చ నైలాన్ తాడు అల్లించారు. మీద పూలపూల దిండు. వెనక గోడకు గుట్ట బొమ్మ గీసి, ఫొటో దిగే చోటు అని బాణం గుర్తు వేశారు. "కార్మికుల విశ్రాంతి మంచం. మధ్యాహ్న భోజనం తర్వాత కూలీలు దీనిపై కునుకు తీసేవారు" అని బోర్డు. మంచం నాలుగు కోళ్లలో మూడు చెక్కవి. ఒకటి ఇనుప గొట్టం. విరిగిన కోడు చోట గొట్టం పెట్టి పట్టీ కొట్టినట్టున్నారు.

మా ముందు ఒక జంట దాని మీద కూర్చొని సెల్ఫీ దిగి పోయింది. నేల తుడుస్తున్న ఒక ముసలామె పక్కకు జరిగి, వాళ్లు లేచాక తడిగుడ్డతో మంచం పట్టెలు తుడిచింది. మా ఆయన వెంటనే చెప్పులు విడిచి, మంచమెక్కి, తల కింద చెయ్యి పెట్టుకొని, కాలు మీద కాలు వేసుకొని పడుకున్నాడు. కండ్లు కూడా మూశాడు.

"తియ్యి. మంచిగ రావాలె" అన్నాడు.

నేను తీశాను. అది ఏ మంచమో అప్పటికి నాకు తెలియదు. తుడిచే ముసలామె ఆయన వంకే చూస్తూ నిలబడింది. ఏమైనా ఇస్తామేమోనని చూస్తోందని ఆయన అనుకొని, లేచాక జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె అక్కర్లేదన్నట్టు తల తిప్పుకొని మళ్లీ గుడ్డ తడిపింది.

క్యాంటీనులో "కూలోళ్ల సద్ది" అని ఒక పళ్లెం అమ్ముతున్నారు. మేము తెచ్చిన స్టీలు పళ్లేల్లోనే. జొన్నరవ్వతో వండిన గట్క, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, పైన ఇంత బూందీ చల్లి. గట్క మీద బూందీ! మా ఆయన రెండు పళ్లేలు తిన్నాడు. నేను ముట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆయన ఫోన్లోని ఫొటోలన్నీ టీవీలో పెట్టాడు. అవ్వ కింద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గుట్ట మొహం చూడనన్న మనిషి కాబట్టి టీవీ వైపు తిరగలేదు. సుత్తెలు పోయాయి, బొమ్మలు పోయాయి. మంచం మీద పడుకున్న ఫొటో వచ్చినప్పుడు ఆయనే పిలిచాడు.

"అత్తమ్మా, మీ అల్లుణ్ని సూడు. క్వారీ కూలోనిలెక్క ఉన్ననా?"

అవ్వ తలెత్తింది. ఒళ్లోని చిక్కుడుకాయలు నేలపాలైనా చూసుకోకుండా లేచి, టీవీ దగ్గరికి పోయి, ఆ ఇనుప కోడు మీద వేలు పెట్టింది.

"అల్లుడా, లే. లే ముందుగల."

"ఏమైంది అత్తమ్మా?"

"లే అంటున్న గద! బిడ్డా, నీళ్లు తోడు. బట్టలతోనే కూసోవెట్టు. గా అంగి బయట పారెయ్యి. అయ్యో, నా బిడ్డ ఏం పాపం జేసింది, నా అల్లుణ్ని తీస్కపొయ్యి గా మంచం మీద పండవెడితిరి గదరా!"

అవ్వ అట్లా అరవగా నేను ఎప్పుడూ వినలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని నిజంగానే బాత్రూం దాకా గుంజుకుపోయింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి అవ్వ మొహం చూసి నోరు మూసుకొని కూర్చున్నాడు. శవం దగ్గరికి పోయి వచ్చినవాళ్లకు పోసినట్టు తల మీంచి చెంబుతో నీళ్లు పోసింది. ఆయన వణుకుతుంటే కూడా ఆపలేదు. పోస్తూ పోస్తూ అసలు సంగతి చెప్పింది.

అది విశ్రాంతి మంచం కాదు. క్వారీలో దెబ్బ తగిలినవాణ్ని మోసుకుపోయే మంచం. ఎవరికైనా రాయి తగిలితే దాని మీద వేసి, నలుగురు భుజాలకెత్తుకొని రోడ్డు దాకా తెచ్చి, ట్రాక్టరు ఎక్కించి హుస్నాబాద్ దవాఖానకు తీసుకుపోయేవాళ్లు. పని లేనప్పుడు దాన్ని షెడ్డు వెనక గోడకు నిలబెట్టేవాళ్లు. ఎంత అలసిపోయినా ఒక్క కూలివాడూ దాని మీద నడుము వాల్చలేదు. ఆడవాళ్లు ఆ గోడ వైపు తిరిగి సద్ది కూడా తినేవాళ్లు కాదు.

మా బాపు దాని మీదే పోయాడు. మందు పెట్టి బండను పేల్చిన తర్వాత పైన వేలాడుతున్న రాయిని గడ్డపారతో దించుతుంటే అది ముందే జారిందట. ఇంకా ప్రాణం ఉండగానే మంచం మీద వేశారు. రోడ్డు ఎక్కకముందే పోయింది. ఇవన్నీ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. తెలియనిది ఆ తర్వాతి సంగతి. మా దిక్కు మనిషి ఏ మంచం మీద ప్రాణం విడిస్తే ఆ మంచాన్ని మళ్లీ ఇంట్లోకి తేరు, దాని మీద పడుకున్నవాళ్లకూ చావు తగులుతుందని. శవంతోపాటు వైకుంఠధామం దాకా పోతుంది, అక్కడే కాలుతుంది. అవ్వ తమ్ముడు మంచాన్ని కూడా కట్టెల మీదికి చేర్చబోతే క్వారీ మేస్త్రి అడ్డం వచ్చాడట.

"మంచం గిట్ల కాలవెడితె రేపు ఇంకోనికి ఏం తేవాలె?" అన్నాడట.

అని, మంచాన్ని కడిగించి మళ్లీ ట్రాక్టరులో వేసుకొని పోయాడు. మా బాపు మంట మీద ఉండగానే. రేపు ఇంకొకడు దెబ్బ తింటాడని వాళ్లకు అంత ఖాయంగా తెలుసు. రాయి జారకుండా చూడాలన్న ఆలోచన రాలేదు కానీ, మంచం దాచి పెట్టాలన్న ఆలోచన వచ్చింది. ఆ మేస్త్రి బతికి ఉంటే మొహం మీద ఉమ్మేదాన్ని.

"దాన్ని కాలవెట్టాలె. గది ఉన్నన్ని రోజులు నాకు బువ్వ సయించది. అల్లుడు దాని మీద పండిండు. నా బిడ్డ పుస్తెలు నాకు కావాలె" అంది అవ్వ.

నాకు ఇలాంటి భయాలు లేవని చెప్పుకుంటాను. కానీ ఆ వారం మా ఆయనకు జలుబు చేసి నాలుగుసార్లు తుమ్మితే భయంతో నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. ఆ భయం వచ్చినందుకు నా మీద నాకే చిరాకు వేసింది. ఆ భయాన్ని మా ఇంట్లోకి పంపించినవాళ్ల మీద మరింత అసహ్యం వేసింది. ఆయన ఆ ఫొటోను ఎవరూ చెప్పకుండానే తీసేశాడు. అవ్వ మాత్రం ఆయన గుమ్మం దాటిన ప్రతిసారీ వెనకే వచ్చి, మెట్లు దిగేదాకా చూసేది.

నేనూ అవ్వా కలిసి ప్రదర్శనశాలకు పోయి మంచం ఇవ్వమని అడిగాం. అక్కడ మేనేజరు ఒక కుర్రవాడు, హైదరాబాదులో చదువుకొని వచ్చాడు. ఓపిగ్గా విని, "అమ్మా, అది రెస్ట్ తీసుకునే మంచం అని మాకు పటేలు సారు ఇంట్లోనే చెప్పారు. పిల్లలకు చాలా నచ్చుతోంది. ఎక్కువ ఫొటోలు అక్కడే దిగుతారు" అన్నాడు. అవ్వ అతనితో వాదించలేదు. బయట అరుగు మీద కూర్చొని, పటేలు వచ్చేదాకా లేవనంది.

చిన్న పటేలు సాయంత్రానికి వచ్చాడు. పెద్ద పటేలు కొడుకు. రాజకీయాల్లో తిరుగుతున్నాడు కాబట్టి చేతులు జోడించడం బాగా వచ్చు. అవ్వ కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. అంతా విని, కండ్లు తుడుచుకున్నాడు. నిజంగా తడి ఉందో లేదో నాకు కనబడలేదు.

"అవ్వా, నువ్వు ఎట్లంటె అట్లనే. మంచం నీది. తీస్కపో. మా బాపు ఉన్నా గిదే మాట అనేటోడు. కాని ఒక్కటి, ఊకె ఎందుకు ఇచ్చుడు? మంచిగ ఒక దినం పెట్టుకుందాం. నాలుగు ఫొటోలు, ఒక చిన్న వీడియో. కూలోళ్లను మేం ఎంత గౌరవిస్తున్నమో పదిమందికి తెల్వద్దా?"

నేను లేవబోయాను. ఇక్కడే, ఇప్పుడే తీసుకుపోతాం అనబోయాను. అవ్వ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "వాడు ఎన్ని ఫొటువలన్న దిగనియ్యి. నాకు మంచం ముఖ్యం" అని గుసగుసగా అంది.

పటేలు పెట్టిన దినం నాడు పొద్దున మా ఆయన ట్రాలీ ఆటో మాట్లాడుకొచ్చాడు. దాంట్లో కట్టెలు, ఒక డబ్బా కిరోసిన్ కూడా పెట్టుకున్నాం. మేము పోయేసరికి షామియానా వేసి ఉంది. మంచానికి బంతిపూల దండ కట్టారు. విశ్రాంతి మంచం అన్న బోర్డు తీసేశారు, దాని జాగాలో చిన్న పటేలు నవ్వుతున్న ఫ్లెక్సీ కట్టారు. వీడియో తీసే అతను అవ్వను మంచం పక్కన నిలబెట్టి, కొంగు సర్దుకోమన్నాడు. పటేలు మంచం పట్టె మీద చెయ్యి వేసి, ఇదిగో ఇస్తున్నా అన్నట్టు నిలబడ్డాడు.

అప్పుడు ఆ తుడిచే ముసలామె వచ్చి మంచం కోడు రెండు చేతుల్తో పట్టుకొని కింద కూర్చుంది.

"నేనియ్య" అంది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. లేవమన్నాడు, కసిరాడు. ఆమె లేవలేదు. ఆమెది అక్కన్నపేట దిక్కు. తాగునీళ్లకు కూడా తిప్పలైన కరువు ఏడాది కొడుకును తీసుకొని మా క్వారీకి వచ్చిందట. కొడుక్కు అప్పటికి పెండ్లి కాలేదు. మా బాపు పోయిన తర్వాత, మేస్త్రి దాచిన ఈ మంచం మీదే ఆ పిల్లవాణ్ని మోశారు, అతనూ బతకలేదు. అంటే ఆ మేస్త్రి లెక్క తప్పలేదు. ఆమె ఇదంతా అవ్వ మొహం చూస్తూ చెప్పింది, పటేలు వంక చూడలేదు.

"వానిది ఒక్క ఫొటువ లేదు. అంగి లేదు. ఏదీ లేదు. గీ మంచం ఉన్నదని తెలిసే నేను గీడ ఊడ్వనీకి వచ్చిన. ఎవ్వలు పండినా, ఎవ్వలు కూసున్నా, వాళ్లు పోయినంక తుడుస్తున్న. పొద్దుమీకి అందరు పొయినంక జరసేపు గిట్ల చెయ్యేసి కూసుంట. నువ్వు కాలవెడితె నేను ఏడికి పోవాలె అక్కా?"

అవ్వకు కోపం వచ్చింది. నాకు అర్థమైంది, అది భయం.

"నా అల్లుడు దీని మీద పండిండు. నాకు ఒక్కతే బిడ్డ. కాలవెట్టకపోతె నేనెట్ల బతకాలె?"

"నీకు బిడ్డ ఉన్నది. అల్లుడున్నడు. నాకు గీ కట్టెలే."

ఇద్దరూ అట్లాగే చూసుకున్నారు. నేను ఏం చెప్పాలి? అవ్వ కోసమే వచ్చినదాన్ని. కట్టెలు ఆటోలో ఉన్నాయి. కానీ ఆ ముసలామె వేళ్లు ఆ కోడు నుంచి విడిపించే ధైర్యం నాకు లేదు. మా ఆయన ఆటో దగ్గరే నిలబడిపోయాడు.

"అమ్మా, ఇద్దరు గట్లనే ఉండున్రి. మస్తు వస్తుంది. పెద్దమ్మా, జర మళ్ల ఒకసారి అదే మాట అంటవా? సౌండ్ సరిగ రాలే" అన్నాడు వీడియో తీసే అతను.

చిన్న పటేలు అతన్ని ఆపలేదు. ఆపకపోగా, తన తల కెమెరాకు అడ్డం రాకుండా రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను జీవితంలో చాలా రోతలు చూశాను. మా దుకాణం పక్కనే మురికినీళ్ల నాలా, మురికి మాకు కొత్త కాదు. కానీ ఆ వెనక్కి జరిగిన రెండడుగులంత రోత ఎక్కడా చూడలేదు. "కెమెరా కింద పెట్టు, లేకపోతే దాన్ని ఆ క్వారీ గొయ్యిలో పడేస్తా" అని అరిచాను. అతను పటేలు వంక చూశాడు. పటేలు నవ్వి, కానీయ్ అన్నట్టు తల ఊపాడు. అతను తీస్తూనే ఉన్నాడు.

అవ్వ అప్పటిదాకా మంచాన్ని ముట్టలేదు. ఇప్పుడు దగ్గరికి పోయింది. ముందు దండను పీకి పారేసింది. తర్వాత కాళ్ల వైపు బిగించిన తాడు ముడి వెతికింది.

"అక్కా" అంది ఆ ముసలామె, భయంగా.

"కట్టెలు నీకే ఉండనియ్యి. గీ అల్లిక తీసేద్దాం. అల్లిక లేకుంటె ఎవడు పండుతడు, ఎవడు కూసుంటడు? నాక్కావాల్సింది గదే. ఇగ దీని మీద ఎవ్వని వీపు ఆనొద్దు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కోడు వదిలి అటువైపు పోయి కూర్చుంది. నైలాన్ తాడు తెగేది కాదు. మేనేజరు కత్తి తేలేదు. మా ఆయన ఆటో నడిపే అతని దగ్గర బ్లేడు అడుగుదామా అంటే అవ్వ వద్దంది. ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. అవ్వ పంటితో ఒక ముడి వదులు చేసి అందిస్తే, ఆమె అటు నుంచి తాడు గుంజి ఇటు పంపేది. ఒకరు పై వరస, ఒకరు కింది వరస. ఎక్కడో ఒక దగ్గర చిక్కుపడేది, మళ్లీ వెనక్కి తీసేవాళ్లు. ఇద్దరికీ వేళ్లు వంకరపోయాయి, కంకర కొట్టి కొట్టి. నేను సాయం చేయబోతే అవ్వ చెయ్యి తోసేసింది. ఎరుపు తాడు ఒక కుప్ప, ఆకుపచ్చ తాడు ఒక కుప్ప అయ్యాయి.

ఇందులో ఏడుపు లేదు, మాట లేదు. కాసేపటికి వీడియో తీసే అతనికి విసుగు పుట్టింది. చిన్న పటేలుకు ఫోన్ వచ్చింది, వర్గల్ దిక్కు ఇంకో కార్యక్రమం ఉందట. పోతూ పోతూ, "మంచిది అవ్వా, మీ ఇష్టం" అని చేతులు జోడించాడు. ఎవరూ తల ఎత్తలేదు. షామియానా వాళ్లు కుర్చీలు మడతపెట్టుకున్నారు.

చివరి వరస కూడా ఊడాక మంచం అంటే నాలుగు పట్టెలు, నాలుగు కోళ్లు, నడుమ నేల. చూడటానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం వల్లే అది ఏమిటో ఇప్పుడు చూసిన ఎవరికైనా తెలుస్తుందని నాకనిపించింది. ఆ ముసలామె ఒక పట్టె దాటి లోపలికి అడుగు పెట్టి, ఆ నడుమ నేల మీద కూర్చుంది. కొడుకు వీపు ఆనిన జాగా అదే కాబోలు. అవ్వ బయటే కూర్చొని పట్టె మీద చెయ్యి వేసింది.

మేనేజరు ఇబ్బందిగా నిలబడ్డాడు. పటేలు లేకపోతే ఆ కుర్రవాడి మొహం కొంచెం మనిషి మొహంలా ఉంది. "మరి బోర్డు మీద ఏం రాయాలి మేడమ్? ఏదో ఒకటి రాయాలి కదా. పేర్లు చెబితే రాసి పెట్టుకుంటా. పటేలు సారు ఒప్పుకుంటారో లేదో చెప్పలేను" అన్నాడు.

ఆ ముసలామె కొడుకు పేరు చెప్పింది. వెంటనే, రోజూ పిలుస్తున్నట్టే చెప్పింది.

అతను అవ్వ వైపు తిరిగాడు. అవ్వ నా వైపు చూసింది. నేను చెప్పబోయాను. మా అవ్వ తన భర్త పేరు ఎన్నడూ నోటితో పలకలేదు. మా బిడ్డ బాపు అనేది, ఆయన అనేది, పింఛను కాగితాల దగ్గర కూడా నా వైపు చెయ్యి చూపించేది. ఆ తరం ఆడవాళ్లకు అది పలకరాని మాట. భర్త ఆయుష్షు తగ్గుతుందని. ఆయుష్షు ఎప్పుడో తీరిపోయిన తర్వాత కూడా ఆమె ఆ పేరును నోట్లోనే దాచుకుంది.

అవ్వ నన్ను ఆపి, తనే చెప్పింది. సగమే వినబడింది.

"సరిగ్గా వినపడలేదు అవ్వా, మళ్లీ చెప్పండి" అన్నాడు ఆ కుర్రవాడు.

అవ్వ పట్టె పట్టుకొని లేచి నిలబడింది. ఈసారి మా బాపు పేరు, ఇంటిపేరుతో సహా, బయట ఆటో దగ్గరున్న వాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.